నూనె బొట్టు, నలభై కిలోహెర్ట్జ్: ట్రే పక్కన రాసుకున్న డైరీ

జూన్ 8

సాయంత్రం కాకినాడ జగన్నాథపురం వంతెన మీద బండి ఆపాను. కింద ఉప్పుటేరులో బోట్లు వరసగా కట్టేసి ఉన్నాయి. గాలికి నీళ్లంతా సన్నగా ముడతలు పడుతున్నాయి. ఒక బోటు వెనక మాత్రం రెండు చాపలంత మేర ఇస్త్రీ చేసిన పంచెలా నున్నగా ఉంది. డీజిల్ కారినట్టుంది, మధ్యలో రంగులు మెరుస్తున్నాయి. వింతేమిటంటే రంగులు కనిపించే జాగా చాలా చిన్నది, నున్నగా ఉన్న జాగా దానికి నాలుగైదు రెట్లు. ఫోన్లో ఫొటో తీశాను కానీ అందులో ఏమీ తెలియడం లేదు.

ఇంట్లో డాబా మీద ట్యాంకు మట్టం చూడ్డానికి కొన్న అల్ట్రాసోనిక్ మాడ్యూళ్లు నాలుగు మిగిలిపోయాయి. కింద నీళ్ల మీద నూనె ఉంటే వాటికి తిరిగొచ్చే ప్రతిధ్వని మారుతుందా? తర్వాత తప్పించుకోవడానికి వీల్లేకుండా నా ఊహ ఇక్కడే రాసి పెడుతున్నాను: నూనె మెత్తటిది, శబ్దాన్ని కొంత మింగేస్తుంది, ప్రతిధ్వని తగ్గుతుంది.

జూన్ 10

హెచ్‌సీ-ఎస్‌ఆర్‌04 మాడ్యూల్‌తో మొదటి అడ్డంకి. ట్యాంకుకు కొన్న ఆ మాడ్యూల్ దూరం చెబుతుంది, అంతే. ప్రతిధ్వని ఎంత గట్టిగా వచ్చిందో చెప్పదు. నాకు కావలసింది ఆ రెండోదే. అందుకని మాడ్యూల్ నుంచి రెండు గుండ్రటి డబ్బాలూ ఊడదీశాను, ఒకటి పంపేది, ఒకటి వినేది. పంపేదానికి ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు నుంచి ఆగకుండా 40 కిలోహెర్ట్జ్. వినేదాని వెనక టీఎల్072 చిప్పుతో రెండంచెల యాంప్లిఫయర్.

మా మేనల్లుడు ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తూ మా ఇంట్లోనే ఉన్నాడు. టంకం వేయడం వాడికి నేర్పాను. మొదటి బోర్డు కాల్చాడు, రెండోది నాకన్నా శుభ్రంగా వేశాడు.

జూన్ 14

పెళ్లిళ్లకు తీసే పెద్ద స్టీలు ట్రే అటక మీంచి దింపాను. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు. అడుగున నాలుగు సెంటీమీటర్ల నీళ్లు. పైన 25 సెంటీమీటర్ల ఎత్తులో రెండు డబ్బాలూ కిందికి చూస్తూ. ఫ్యాన్ ఆపేసి, నీళ్లు నిలకడకు వచ్చాక రీడింగు చూసి, నువ్వుల నూనె ఒక చుక్క వేశాను.

ఏమీ కాలేదు.

ఇంకో చుక్క. ఏమీ లేదు. చెంచాడు వంపినా మీటరు ముల్లు కదల్లేదు. మేనల్లుడు, "వైరు ఊడిందేమో చూడు మావయ్యా" అన్నాడు. చెయ్యి అడ్డం పెడితే మారుతోంది. అంటే వింటోంది, కానీ నూనె సంగతి దానికి పట్టడం లేదు.

భోజనం తర్వాత కాగితం మీద లెక్క వేశాను. ముందే వేసి ఉంటే ఒక పూట కలిసొచ్చేది. గాలిలోంచి వచ్చిన శబ్దానికి నీళ్లంటే గోడ. ఒక పదార్థం శబ్దానికి ఎంత మొండికేస్తుందో తెలియాలంటే దాని సాంద్రతను అందులో శబ్ద వేగంతో గుణించాలి. గాలికి అది 410 ప్రాంతం, నీళ్లకు దాదాపు 15 లక్షలు. అంత తేడా ఉంటే వచ్చిన శక్తిలో 99.9 శాతం వెనక్కే తిరుగుతుంది. నూనెకు ఆ సంఖ్య 13 లక్షల చిల్లర. గోడ ఇటుకదైనా రాతిదైనా బంతి తిరిగొచ్చే తీరు ఒక్కటే.

లోపలికి పోయిన ఆ కాస్త శబ్దాన్నయినా నూనె మింగుతుందా అంటే, దానికీ మందం చాలదు. నూనెలో 40 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 36 మిల్లీమీటర్లు. రంగులు మెరిసే డీజిల్ పొర మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత పొరను ఆ తరంగం గుర్తించనే గుర్తించదు.

జూన్ 8 నాటి ఊహ మీద గీత కొట్టాను.

జూన్ 15

వంతెన కింద నేను చూసింది నిలకడ నీళ్లు కాదు కదా. అక్కడ గాలి ఉంది. ఈరోజు టేబుల్ ఫ్యాను ట్రే పక్కన పెట్టి నడిపాం. శుభ్రమైన నీళ్ల మీద ముడతలు పుట్టగానే ప్రతిధ్వని తడబడటం మొదలైంది. సగటున నిలకడ నీళ్ల రీడింగులో మూడింట రెండొంతులకు పడింది. ఇది నీళ్ల పనా, ఫ్యాన్ గాలి పనా? ట్రేలో ఒక పళ్లెం బోర్లించి, నీటి మట్టంతో సమానంగా పెట్టి అదే ఫ్యాను కింద చూశాం. రీడింగు దాదాపు స్థిరంగా ఉంది. కాబట్టి తడబాటు ముడతలదే.

అప్పుడు నూనె చుక్క వేశాం. ప్రతిధ్వని పెరిగింది! నిలకడ నీళ్ల రీడింగుకు రవ్వంత తక్కువలో వచ్చి నిలిచింది.

"నువ్వు తగ్గుతుందని రాశావు" అని మేనల్లుడు డైరీ తీసి చూపించాడు.

నూనె శబ్దాన్ని ఏమీ చేయలేదు, నీళ్లను చదును చేసింది. చదునైన నీళ్లు అద్దం, నిట్టనిలువుగా వచ్చిన శబ్దాన్ని నిట్టనిలువుగానే తిప్పి పంపుతాయి. ముడతలు పడ్డ నీళ్లు నలిగిన రేకు, తలా ఒక దిక్కుకు చెదరగొడతాయి. పైన కూర్చుని వినేవాడికి అప్పుడు తక్కువే చేరుతుంది.

ఇంకొకటి, ఇది రాసుకోకపోతే మరిచిపోతాను. మొదటి చుక్క వేసిన అర నిమిషానికే ట్రేలో ఫ్యాను వైపు మళ్లీ ముడతలు లేచాయి. గాలి పొరను తోసుకుంటూ పోయి అవతలి అంచుకు కుప్పచేసింది. నున్నటి భాగం, ముడతల భాగం మధ్య గీత గీసినట్టు హద్దు. ఫ్యాను స్పీడు తగ్గిస్తే ఆ హద్దు మనవైపు జరుగుతుంది, పెంచితే వెనక్కి పోతుంది. ఇద్దరం పావుగంట సేపు ప్రాజెక్టు పక్కన పెట్టి దాంతోనే ఆడుకున్నాం. ఉప్పుటేటిలో నున్నటి జాగా బోటుకు ఒక పక్కనే ఎందుకుందో ఇప్పుడు తెలిసింది, అది గాలి వాలు, అంటే గాలి పోయే వైపు.

ఈ పని చేసినవాళ్లలో అందరికన్నా ప్రసిద్ధుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. లండన్ దగ్గర క్లాపమ్ చెరువులో ఒక టీస్పూను నూనె పోస్తే దాదాపు అర ఎకరం నీళ్లు అద్దంలా అయ్యాయని రాశాడు. అది 1774లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయన కూడా మొదట గాలి వాలు ఒడ్డున నూనె పోశాడు, గాలి దాన్ని తిరిగి ఒడ్డుకే తోసేసింది. తర్వాత గాలి వచ్చే వైపు ఒడ్డుకు వెళ్లి పోశాడు. రెండొందల యాభై ఏళ్ల తర్వాత మేమూ అదే తప్పు చేశాం.

జూన్ 21

పై నుంచి చూస్తే నూనె ప్రతిధ్వనిని పెంచింది. మరి ఏటవాలుగా చూస్తే? అద్దం మీద టార్చి ఏటవాలుగా వేస్తే వెలుగు అవతలికి పోతుంది, మన కంటికి రాదు. నలిగిన రేకైతే కొంత మనవైపూ విసురుతుంది. అంటే ఏటవాలుగా చూసినప్పుడు ముడతలున్న నీళ్లే గట్టిగా పలకాలి, నూనె పడితే మూగబోవాలి.

ఫ్యాను ముడతలు ఇక పనికిరావు, అవి ఇష్టారాజ్యం. ఒకే కొలత ముడతలు కావాలి. నాలుగంగుళాల పాత స్పీకరు కోనుకు ప్లాస్టిక్ గొట్టం అతికించి, దాని చివర గాజు పట్టీ పెట్టాం. పట్టీ అంచు నీళ్లను తాకుతుంది. ఫోన్లో టోన్ యాప్, మధ్యలో చిన్న యాంప్లిఫయర్. స్పీకరు ఎన్ని హెర్ట్జ్‌లో ఆడితే అన్ని హెర్ట్జ్‌లో వరసగా ముడతలు. ట్రే అవతలి చివర గిన్నెలు తోమే పీచులు వాలుగా పేర్చాం, అల అక్కడే చచ్చిపోవాలి, వెనక్కి రాకూడదు. అమ్మ కొత్త పీచులే తీసుకోమంది, పాతవాటిలో నూనె ఉంటుందట. ఆ మాట ఎంత విలువైనదో అప్పటికి నాకు తెలియలేదు.

ఎంత దూరాన ముడతలుంటే శబ్దం వెనక్కి గట్టిగా వస్తుంది? వరసగా ఉన్న ముడతల్లో ఒక్కొక్కటీ కాస్త కాస్త వెనక్కి పంపుతుంది. ఆ ముక్కలన్నీ ఒకే అడుగులో వచ్చి కలవాలంటే పక్క ముడత దగ్గరికి పోయి రావడానికి పట్టే అదనపు దారి సరిగ్గా ఒక తరంగం పొడవు కావాలి. స్ఫటికాల మీద ఎక్స్ కిరణాలకు భౌతిక శాస్త్రవేత్త బ్రాగ్ చెప్పిన లెక్కే ఇదీ. గదిలో 25 డిగ్రీలు, శబ్దం సెకనుకు 346 మీటర్లు, 40 కిలోహెర్ట్జ్‌కు తరంగం పొడవు 8.65 మిల్లీమీటర్లు. డబ్బాలను నిలువుకు 45 డిగ్రీలు వంచితే ముడతల ఎడం 6.1 మిల్లీమీటర్లుండాలి. నీళ్ల మీద ఆ కొలత ముడతలు పుట్టించాలంటే స్పీకరును 47 హెర్ట్జ్ దగ్గర ఆడించాలి. ఇంత చిన్న ముడతలను నడిపేది గురుత్వం కన్నా తలతన్యతే (నీటి పై పొరను చర్మంలా బిగించి ఉంచే గుణం) ఎక్కువ.

8.65 దగ్గర ఆగిపోయాను. ఈ సంఖ్య ఎక్కడో చూశాను. 35 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగం పొడవు కూడా దాదాపు ఇంతే! 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లిన సరళ్ ఉపగ్రహంలో సముద్ర మట్టం కొలిచే ఫ్రెంచి ఆల్టీకా పరికరం ఉంది, దానిది 35.75 గిగాహెర్ట్జ్. శబ్దం నెమ్మది, రేడియో తరంగం వేగం, కానీ ముడతకు కనిపించేది పొడవే. మా వంటింటి ట్రే మీద నూట ఇరవై రూపాయల డబ్బాలతో నడుస్తున్నది ఒక బుల్లి రాడార్ అన్నమాట. ఈ సంగతి మేనల్లుడికి చెబితే వాడికన్నా నేనే ఎక్కువ సంబరపడ్డాను.

జూన్ 24

కదిలే ముడత మీద నుంచి వచ్చే శబ్దం 40 కిలోహెర్ట్జ్‌కు 47 హెర్ట్జ్ అటో ఇటో జరిగి వస్తుంది, రైలు కూత మారినట్టు. పంపే 40 కిలోహెర్ట్జ్‌తోనే ఒక సీడీ4066 స్విచ్చిని ఆడించి, వచ్చిన శబ్దాన్ని దాని గుండా పంపితే తేడా మాత్రమే మిగులుతుంది. దాన్ని ల్యాప్‌టాప్ మైకు సాకెట్‌లో పెట్టి ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రాములో స్పెక్ట్రమ్ చూశాను, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గీత అది. 47 దగ్గర ఎత్తయిన శిఖరం! నూనె వేశాను. శిఖరం అలాగే ఉంది. స్పీకరు ఆపాను. శిఖరం అలాగే ఉంది.

ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్. స్పెక్ట్రమ్ సైజు 4096 పెట్టాను, ఒక్కో గడి దాదాపు 11 హెర్ట్జ్ వెడల్పు. 47, 50 రెండూ ఒకే గడిలో పడ్డాయి. సైజు 65536కు పెంచితే అసలు రూపం బయటపడింది: 50 దగ్గర కొండ, 47 దగ్గర ఏమీ లేదు. రెండు రోజులు కరెంటు రొదను కొలిచి పుస్తకంలో రాసుకున్నాను.

డబ్బాలను 45 నుంచి 30 డిగ్రీలకు నిలబెట్టాం. ఇప్పుడు ముడతల ఎడం 8.65 మిల్లీమీటర్లే, స్పీకరు 30 హెర్ట్జ్. కరెంటుకు దూరం. ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపడం ఇక నియమం.

జూన్ 28

30 దగ్గర శిఖరం వచ్చింది. స్పీకరు ఆపితే పోతోంది, పెడితే వస్తోంది. నూనె వేస్తే... కొంచెం తగ్గింది. మరీ కొంచెం.

ఈసారి మేనల్లుడి బుర్ర పనిచేసింది. "మావయ్యా, పట్టీ నీళ్లలోంచి పైకి తీసి చూద్దామా?" తీశాం. నీళ్లు నిలకడగా ఉన్నాయి, ముడతలు లేవు. అయినా 30 దగ్గర శిఖరం నిలబడే ఉంది! స్పీకరు ఊపుకు బల్ల వణుకుతోంది, బల్లతో పాటు డబ్బాల స్టాండూ వణుకుతోంది. శబ్దానికి నీళ్లు కదిలినా ఒకటే, వినే చెవి కదిలినా ఒకటే. పదో వంతు మిల్లీమీటరు వణుకు చాలు.

స్పీకరును బల్ల మీంచి తీసి గోడ కొయ్యకు తాడుతో వేలాడదీశాం. డబ్బాల స్టాండు కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు మడిచి పెట్టాం. పట్టీ పైకి తీస్తే 30 దగ్గర ఏమీ లేనంత వరకూ సర్దుతూనే ఉన్నాం, రాత్రి పదకొండున్నర అయింది. ఇకపై ప్రతి రీడింగుకు ముందూ వెనకా పట్టీ ఎత్తి చూడాలి. ఈ డైరీలో జూన్ 28కి ముందున్న ఏటవాలు రీడింగులన్నీ కొట్టేశాను.

జూన్ 29

పొద్దున్నే, ఎవరూ లేవకముందే మొదలుపెట్టాను. పట్టీ నీళ్లలో: 30 దగ్గర శిఖరం, రొద మీద 22 డెసిబెళ్ల ఎత్తు. పట్టీ పైకి: ఏమీ లేదు. స్పీకరు 22 హెర్ట్జ్‌కు మారిస్తే ముడతలు కంటికి ఇంకా పెద్దవిగా కనిపిస్తున్నాయి, కానీ శిఖరం కుంగిపోయింది. 40కి పెంచినా అంతే. 30 చుట్టూరా మాత్రమే పలుకుతోంది. బ్రాగ్ చెప్పినట్టే. డబ్బాల చూపు వెడల్పు కాబట్టి శిఖరం సూదిలా కాకుండా మట్టిదిబ్బలా ఉంది, అయినా ఉండాల్సిన చోటే ఉంది.

కాఫీ తాగి వచ్చేసరికి శిఖరం మాయం. వైర్లన్నీ చూశాను. స్పీకరు ఆడుతోంది. పట్టీ నీళ్లలోనే ఉంది. కానీ ముడతలు పట్టీ దగ్గర నాలుగు వేళ్ల మేర కనిపించి ఆగిపోతున్నాయి.

"ఎవరైనా ఇందులో చెయ్యి పెట్టారా?"

మేనల్లుడు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. నీళ్ల చలువ చూద్దామని ఒక వేలు ముంచాడట. అదే వేలితో అంతకుముందు కాజా తిన్నాడు.

కోప్పడదామనుకున్నాను కానీ ఆ రోజు మొత్తంలో అంతకన్నా మంచి ప్రయోగం జరగలేదు. వేలికంటిన నెయ్యి చాలింది, శిఖరాన్ని మింగేసింది.

జూలై 5

వారమంతా శుభ్రతతోనే సరిపోయింది. ట్రేను చాకలి సోడా వేసిన వేడినీళ్లతో కడిగి, ఏడెనిమిదిసార్లు తొలిచి నింపాలి. చేత్తో లోపలి వైపు తాకకూడదు. నింపాక కూడా నీళ్ల మీద ఏదో ఒక తెర ఉంటుంది. దాన్ని తీయడానికి కాగితం పట్టీని ట్రేకు అడ్డంగా, నీళ్ల మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు లాగాలి, పాల మీద మీగడ తీసినట్టు. మూడుసార్లు లాగితే శిఖరం పూర్తి ఎత్తుకు వస్తుంది.

ఈ మీగడ తీసే పద్ధతి నాది కాదు. జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అనే ఆవిడ ఇంటిపని చేసుకుంటూ వంటింట్లో రేకు తొట్టిలో నీళ్లు నింపి, దాని మీద అడ్డపట్టీ జరుపుతూ తలతన్యత కొలిచింది. కాలేజీ చదువు లేదు. తను కనుక్కున్నది ఇంగ్లండులో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే ఆయన దాన్ని 1891లో నేచర్ పత్రికకు పంపించి అచ్చు వేయించాడు. పాతపీచు వాడొద్దని అమ్మ చెప్పిన మాటను ఆ రోజు నేను పెద్దగా పట్టించుకోలేదు. పాకెల్స్ తొట్టి గురించి చదివాక వంటింటివాళ్లకు నూనె పొర గురించి మనకన్నా ముందే తెలుసని ఒప్పుకోక తప్పింది కాదు.

ఇక చుక్క లెక్క. డ్రాపర్ చుక్క 0.05 మిల్లీలీటరు. ఒక అణువు మందాన, అంటే రెండు నానోమీటర్ల ప్రాంతంలో పరిస్తే 25 చదరపు మీటర్లు పరుచుకుంటుంది. మా ట్రే పావు చదరపు మీటరు. చుక్కలో వందో వంతు చాలు! ఇన్నాళ్లూ చుక్కలు, చెంచాలు పోస్తూ వచ్చాను. ఈరోజు కుట్టు సూది మొన నూనెలో ముంచి, తుడిచి, మిగిలిన తడిని నీళ్లకు తాకించాం. పట్టీకి 20 సెంటీమీటర్ల దూరంలో ఏటవాలు రీడింగు.

మొదటి తాకింపు: మార్పు లేదు. రెండోది: అర డెసిబెల్, నమ్మలేం. మూడోది: శిఖరం కాలు జారినట్టు పడింది, 15 డెసిబెళ్లు, అంటే ఎత్తు దాదాపు ఆరో వంతుకు. నాలుగోది: ఇంకొంచెం. ఆ తర్వాత నిండు చుక్క వేశాను, నేలమట్టం అవుతుందనుకుంటూ. అవలేదు సరికదా, రెండు డెసిబెళ్లు పైకి లేచింది. నాలుగుసార్లు నీళ్లు మార్చి చేశాం, నాలుగుసార్లూ అదే వరస: కాసేపు ఏమీ ఉండదు, ఉన్నట్టుండి పడుతుంది, ఎక్కువైతే కాస్త తేరుకుంటుంది.

కారణం నూనె జిడ్డుదనం కాదు. ముడత పోతున్నప్పుడు నీటి చర్మం ఒక చోట సాగుతుంది, ఒక చోట కుంచించుకుంటుంది. సాగిన చోట నూనె అణువులు పలచబడతాయి, అక్కడ తలతన్యత పెరుగుతుంది. కుంచించుకున్న చోట ఒత్తుగా చేరతాయి, తలతన్యత తగ్గుతుంది. ఎక్కువ ఉన్న వైపు తక్కువ ఉన్న వైపును లాగుతుంది. ఇటలీలో కార్లో మారంగోని 1865లో ఈ లాగుడు మీదే సిద్ధాంత వ్యాసం రాశాడు. ఈ లాగుడుకు కింద ఉన్న పలచటి నీటి పొర, 30 హెర్ట్జ్ దగ్గర పదో వంతు మిల్లీమీటరు, ముందుకూ వెనక్కూ రాపిడి పడుతుంది. ముడత శక్తంతా ఆ రాపిడికే ఖర్చు. అణువులు మరీ తక్కువైతే ఒకదాన్నొకటి ముట్టుకోవు, లాగుడుండదు. మరీ ఒత్తుగా ఉంటే పొర బిగుసుకుంటుంది, సాగదు, కుంచించుకోదు. మధ్యలోనే లాగుడు అందరికన్నా ఎక్కువ. మా మూడో సూది, నాలుగో సూది ఆ మధ్య చోట పడ్డాయి.

లెక్క కూడా కలిసింది. శుభ్రమైన నీళ్ల మీద 30 హెర్ట్జ్ ముడత 35 సెంటీమీటర్లు పోయాక మూడో వంతుకు తగ్గాలి. బిగుసుకున్న పొర కింద 10 సెంటీమీటర్లకే అంత తగ్గుతుంది, ఆ మధ్య చోట అయిదారుకే. డబ్బాల చూపును పట్టీ దగ్గరికి జరిపితే నూనె ప్రభావం తగ్గిపోయింది, దూరం జరిపితే పెరిగింది. ముడత నడిచిన దూరం మీద నూనె పన్ను వసూలు చేస్తోంది.

జూలై 6

కుట్టు మిషను నూనె. నువ్వుల నూనె కన్నా జారుగా ఉంది, ఇంకా బాగా పరుచుకుంటుందనుకున్నాను. చుక్క వేస్తే పరుచుకోలేదు, భూతద్దంలా గుండ్రంగా ముద్దయి కూర్చుంది. శిఖరం చెక్కుచెదరలేదు. శుద్ధి చేసిన ఖనిజ తైలానికి నీళ్లను పట్టుకునే కొస ఉండదు. నువ్వుల నూనె అణువుకు ఒక కొస నీళ్లంటే ఇష్టం, అందుకే నిలబడి పరుచుకుంటుంది. పక్కన చిటికెడు నువ్వుల నూనె తాకించగానే శిఖరం పడిపోయింది, మిషను నూనె ముద్ద ఒక మూలకు పరిగెత్తింది.

ఈ ఒక్క పూటతో ఒక సంగతి ఖాయమైంది. ట్రేలో నూనె ఎంత ఉందో నా రాడార్ చెప్పలేదు. ఇక్కడ చెంచాడు మిషను నూనె ఉంటే ఏమీ లేదంటుంది, సూదిమొన నువ్వుల నూనె ఉంటే గగ్గోలు పెడుతుంది.

ఉపగ్రహాలకూ ఇదే తిప్పలు. సెంటినెల్-1 లాంటి రాడార్ ఉపగ్రహం ఏటవాలుగా చూస్తుంది, దాని తరంగం 5.5 సెంటీమీటర్లు. సముద్రం మీద అంతకు తగ్గ ముడతలు నూనె కింద అణిగితే అక్కడ బొమ్మలో నల్లటి మరక వస్తుంది. కానీ చేపల నుంచి, నాచు నుంచి వచ్చే సహజమైన జిడ్డు కూడా ఒక్క అణువు మందంతో అదే నల్లటి మరక వేస్తుంది. గాలి లేని చోట నీళ్లూ నల్లగానే కనిపిస్తాయి. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికినప్పుడు ఒడ్డున జనం బక్కెట్లతో ఎత్తిపోసినంత చిక్కటి ముద్ద చేరింది. అంత ముద్దా, కాజా వేలూ ముడతల్ని అణచడంలో ఒక్కటే. విమానాల్లో వెళ్లే గస్తీవాళ్లు మందాన్ని కంటికి కనిపించే రంగుతో అంచనా కడతారు: వెండి మెరుపు ఉంటే 0.3 మైక్రాన్ల లోపు (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు), ఇంద్రధనుస్సు రంగులుంటే 0.3 నుంచి 5, లోహపు మెరుపుంటే 50 దాకా. రెండు నానోమీటర్ల పొరకు ఏ రంగూ ఉండదు.

వంతెన కింద నున్నటి జాగా రంగుల జాగా కన్నా అంత పెద్దదిగా ఎందుకుందో ఇదిగో ఇక్కడ తేలింది.

జూలై 9

వాన. కరెంటు లేదు. ట్రేలో దోమలు గుడ్లు పెట్టకుండా నీళ్లు పారబోశాను.

జూలై 13

ఈరోజు నూనె సీసా ముట్టుకోలేదు. పొద్దున బకెట్టుకు తాడు కట్టి ఉప్పుటేటి నీళ్లు తోడుకొచ్చాం, బోట్లకు దూరంగా, రంగులేమీ కనిపించని చోట. ట్రేలో పోసి పది నిమిషాలు ఆగి చూస్తే శిఖరం కుళాయి నీళ్ల శిఖరం కన్నా 11 డెసిబెళ్లు తక్కువ. మేం ఏమీ కలపకుండానే! కాగితంతో మీగడ తీశాం. ఒకసారికి 5 డెసిబెళ్లు పెరిగింది, మూడుసార్లకు 9. ఇక శుభ్రమైందనుకుని టిఫినుకు వెళ్లి ఇరవై నిమిషాలకు వచ్చి చూస్తే మళ్లీ 6 తగ్గి ఉంది. అడుగునున్న జిడ్డు మెల్లగా పైకి తేలి చర్మం కట్టుకుంటోంది. మళ్లీ తీశాం, మళ్లీ కట్టింది. మధ్యాహ్నం దాకా ఐదుసార్లు.

నీళ్ల కింద నుంచి చూడాలని కూడా ఉంది, బోట్లలో చేపల గుంపులు వెతికే సోనార్ కింద నుంచే కదా చూసేది. 40 కిలోహెర్ట్జ్ డబ్బాలు దానికి పనికిరావు. నీళ్లలో ఆ తరంగం 37 మిల్లీమీటర్లు, అంత పొడుగు అలలకు మా ట్రే చాలదు, ఆ అలల మీద నూనె పట్టూ తక్కువ. చేపల సోనార్లలో మామూలుగా ఉండే 200 కిలోహెర్ట్జ్ అయితే 7.5 మిల్లీమీటర్లు, మన ముడతలకు సరిగ్గా సరిపోతుంది. హార్బరు దగ్గర మెకానిక్కును అడిగాను, పాడైన దాని తల ఒకటి ఉందట, నీళ్లు దిగిందట, పట్టుకెళ్లమన్నాడు.

అమ్మ వచ్చి ట్రే వైపు చూసింది. "ఏరా, వచ్చే నెల మీ పిన్ని కూతురి పెళ్లికి ఆ ట్రే కావాలి. ఉప్పుటేటి నీళ్లా అందులో?"

మూడు బకెట్ల వేడినీళ్లు, చాకలి సోడా పొయ్యి మీద పెట్టి, మేనల్లుడిని పీచులు కొనడానికి బజారుకు పంపాను. కొత్తవి.